వేడి పరీక్ష

కంపెనీలో నన్ను వెనకాల సీఐడీ అనేవాళ్లు. అది ఎగతాళి అని తెలియడానికి నాకు చాలా కాలం పట్టింది. అంతవరకు దాన్ని బిరుదనుకుని మోశాను.

నిజానికి నేను పోలీసుని కాదు, ఫిజియోథెరపిస్టుని. విశాఖపట్నంలో గాజువాక దాటాక అప్పట్లో ఒక ప్రైవేటు ఇనుప కంపెనీ ఉండేది. పేరెందుకులెండి, ఇప్పుడక్కడ ప్రహరీ గోడ కూడా లేదు. తుక్కు ఇనుము కరిగించి కడ్డీలు పోసేవాళ్లు. కంపెనీకి ఓ చిన్న ఆసుపత్రి, దాని వెనక ఒక రేకుల షెడ్డు ఉండేవి. ఆ షెడ్డే నా డిపార్ట్‌మెంటు. కాపడానికి ఒక ఎర్రదీపం, నొప్పి చేతులు ముంచడానికి కరిగిన మైనం తొట్టి, వేడి మూటలు, పట్టుకుని నడవడానికి రెండు ఇనుప కమ్మీలు, ఎంత తొక్కినా ఎక్కడికీ పోని సైకిలు ఒకటి. తొంభైల మొదట్లో కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ వచ్చిన నాకు అదే పెద్ద సంస్థానంలా కనిపించింది.

ఇప్పుడు ఈ చదువు చదువుతున్న పిల్లలు ఒక సంగతి తెలుసుకోవాలి. కంపెనీ ఆసుపత్రిలో మా ఉద్యోగం సగం వైద్యం, సగం కాపలా. కొలిమి దగ్గర పని తప్పించి తేలిక పని ఇప్పించే చీటీ మీద నా సంతకం ఉండాలి. మే నెలలో కొలిమి దగ్గర నిలబడాలని ఎవరికుంటుంది? అందుకని నా దగ్గరికి నిజం నొప్పులూ వచ్చేవి, చీటీ నొప్పులూ వచ్చేవి. వాటిని విడదీయడంలో నన్ను మించినవాడు లేడని నా నమ్మకం. నడుం వంగదన్నవాడి ముందు పెన్ను జారవిడిచేవాణ్ణి. పాపం, మర్యాదస్థుడు, గభాలున వంగి తీసిచ్చేవాడు. చీటీ గల్లంతు.

అన్నిటికంటే గొప్పది నా వేడి పరీక్ష. నొప్పి నిజమైతే కాపడం పెట్టాక ఎంతో కొంత సుఖపడాలి. కాపడం పెట్టాక ఇంకా ఎక్కువైందని ఎవడైనా అన్నాడంటే వాడు నటిస్తున్నట్టే. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, నేనే కనిపెట్టాను. లేనందుకు కారణం ఉంటుందని అప్పుడు తోచలేదు.

అలాంటి రోజుల్లో ఒక క్రేను ఆపరేటరు నా దగ్గరికి వచ్చాడు. వన్‌టౌన్‌లో ఉండేవాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, మంచి దిట్టమైన మనిషి. ఇనుప నిచ్చెనెక్కి పైన గూడులాంటి గదిలో కూర్చుని, కరిగిన ఇనుము నిండిన బానను గాల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడపడం అతని పని. కింద మనుషులు తిరుగుతుంటారు. ఒకరోజు పన్నెండు గంటల వేళ బానను గాల్లో ఆపేసి, తనకు కళ్లు కనబడడం లేదని పైనుంచి కేకేశాడట. కిందివాళ్లు చెల్లాచెదురుగా పరుగెత్తారు. ఆ పూట పని మొత్తం ఆగిపోయింది.

నాకు చెప్పుకున్నది ఇదీ: "పొద్దున్న బాగానే ఉంతాను సారూ. పదకొండు దాటితే ఎడం కాలు నాది కాదు, ఈడుసుకు నడవాల. కళ్లకి మసక కమ్మేత్తాది. దిగొచ్చి కుళాయి కింద తల ఎట్టుకుని కాసేపు కూకుంటే మళ్లీ మామూలే."

పొద్దున్న బాగుండి, ఎండెక్కితే వచ్చి, కూర్చుంటే పోయే జబ్బు! నాలోని సీఐడీ చెవులు నిక్కపొడిచాడు. కంపెనీ వాళ్లకీ అదే అనుమానం. మే నెలలో మెడికల్ బోర్డు ముందు నిలబెడతామన్నారు. జబ్బు నిజమని తేలితే వేరే పని ఇస్తారు. అబద్ధమని తేలితే, పని ఆపి నష్టం తెచ్చాడని ఉద్యోగం తీసేస్తారు. ఈలోగా కాలికి బలం రావడానికని నాకు అప్పగించారు.

నేను కాలికి బలం తెప్పించే పద్ధతి ఒకటే. ముందు ఎర్రదీపం కింద ఇరవై నిమిషాలు కాపడం, తర్వాత సైకిలు, ఆ తర్వాత కమ్మీల మధ్య నడక. అలసిపోయానంటే "ఇంకో పది" అనేవాణ్ణి. ఎముక విరిగి అతికినవాళ్ల దగ్గర, పక్షవాతం వచ్చినవాళ్ల దగ్గర ఆ మాటతో చాలా కాళ్లు నడిపించాను. ఇతను ఏనాడూ కాదనలేదు. ఇంకో పది అంటే ఇంకో పది. వచ్చేటప్పుడు కాళ్ల మీద వచ్చేవాడు, పోయేటప్పుడు గోడ పట్టుకుని పోయేవాడు. నటన కాస్త ఎక్కువైందనుకున్నాను.

ఒకసారి అతని భార్య వెంట వచ్చింది. ఆమె ఫిషింగ్ హార్బర్లో చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. గుమ్మం దగ్గరే నిలబడి చెప్పింది: "మీరు వేడి ఎడితే పడిపోతన్నాడు బావూ. సెలవు దినం నాతో హార్బరుకొత్తాడు. ఐసు గంపల కాడ కూకున్నాడంటే ఎంత బాగ నడుత్తాడో. ఆ ఐసేదో మీ కాడ నేదా?"

నేను నవ్వాను. ఐసు చేపలకమ్మా, మనుషులకి కాదన్నాను. షెడ్డులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. చదువుకున్నవాళ్లతో వాదించడం దండగనుకుందో ఏమో, కొంగు దోపుకుని వెళ్లిపోయింది. కంపెనీ మొత్తానికి ఆ జబ్బేమిటో అప్పటికి తెలిసిన మనిషి ఆవిడొక్కతే.

తర్వాత కొద్ది రోజులకి, ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనల్ ఆఫీసరు నన్ను పిలిచాడు. ఆయనకి మనుషుల మీద కంటే కాగితాల మీద ప్రేమ. ఆ క్రేనువాడు హార్బర్లో గంపలెత్తుతున్నాడని ఎవరో చెప్పారట, నిజమేనా అని అడిగాడు. అడగడమే తరువాయి. ఆదివారం పొద్దున్నే, చలికాలం, మఫ్లరు చుట్టుకుని బస్సెక్కి హార్బరుకు వెళ్లాను. ఎండేసిన వలల గుట్ట వెనక నిలబడ్డాను. కాసేపటికి మొగుడూ పెళ్లాలు కనిపించారు. నేను చూస్తుండగానే అతను ఐసు నింపిన గంప రెండు చేతులతో ఎత్తి, తల మీద పెట్టుకుని, రిక్షా దాకా తిన్నగా నడిచి దించాడు. కాలు ఈడవలేదు, తడబడలేదు. నా మనసు ఎంత నిండిందో చెప్పలేను. తిరుగు బస్సులోనే రిపోర్టు సగం రాసేసుకున్నాను.

మిగతా సగానికి వేడి పరీక్ష ఉండనే ఉంది. మామూలుగా ఇరవై నిమిషాలు పెట్టే దీపం నలభై నిమిషాలు పెట్టి, లేచి నడవమన్నాను. నాలుగు అడుగులు వేసి మోకాలి మీద కూలబడ్డాడు. కళ్లు నలుపుకుంటూ నా వైపు చూశాడు కానీ, నా మొహం కనబడిందనుకోను. నేను ఇంగ్లీషులో రాసిన వాక్యం తెలుగులో ఇలా ఉంటుంది: "వేడి తర్వాత లక్షణాలు పెరిగినట్టు చూపించాడు, ఇది శరీర ధర్మానికి విరుద్ధం." ఆ చివరి ముక్క మీద నాకు చాలా మోజు. రెండుసార్లు చదువుకుని సంతకం పెట్టాను.

మా మెడికల్ ఆఫీసరు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ పెద్దమనిషి. ఎవరినీ నొప్పించేవాడు కాదు, ఎవరి నొప్పీ తగ్గించేవాడూ కాదు. ఆయన నా రిపోర్టు మెచ్చుకుని, బోర్డు ఫైల్లో స్పెషలిస్టు కాగితం ఒకటి లేకపోతే బాగుండదని, ఊళ్లో నరాల డాక్టరు దగ్గరికి పంపించాడు. కేవలం ఫైలు నిండుగా ఉండడానికి పంపించాడు. ఆ డాక్టరు మాత్రం ఫైలు కోసం చూసే రకం కాదు. తలకి స్కానింగు తీయించాడు. ఆ మిషను ఊళ్లోకి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. వారం తిరక్కుండా ఉత్తరం వచ్చింది. జబ్బు పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్.

ఆ పేరు నేను కాలేజీలో విన్నాను. మా లెక్చరరు అది చలి దేశాల జబ్బు, మన దగ్గరికి రాదు, పరీక్షలోనూ రాదని చెప్పారు. మన దగ్గరికి రాని జబ్బు సంగతి ఎలా ఉన్నా, పరీక్షలో రాని పాఠం మనం చదవం కదా. ఇంటికెళ్లి అటక మీంచి పుస్తకం దించాను. మిగతా పేజీలన్నీ నలిగిపోయి ఉన్నాయి, ఆ రెండు పేజీలు మాత్రం కొత్తవి. రెండో పేజీలో ఒక వాక్యముంది. ఈ రోగులకు వేడి తగిలితే లక్షణాలు పెరుగుతాయి, కాపడం పెట్టకూడదు. నాలుగుసార్లు చదివాను. నలభై నిమిషాలు గుర్తొచ్చి భోజనం సహించలేదు.

మర్నాడు ద్వారకా నగర్లో ఆ డాక్టరు క్లినిక్కుకు వెళ్లి, జరిగింది దాచకుండా చెప్పాను. ఆయన ఓపిగ్గా వివరించాడు. నరాల మీద కరెంటు తీగకున్నట్టే ఒక తొడుగు ఉంటుంది. ఈ జబ్బులో ఒంటిని కాపాడాల్సిన సైన్యమే ఆ తొడుగును అక్కడక్కడ కొరికేస్తుంది. ఒళ్లు చల్లగా ఉన్నప్పుడు కబురు ఎలాగో కాలికి చేరుతుంది, వేడెక్కితే దారిలోనే ఆగిపోతుంది. చల్లబడితే మళ్లీ చేరుతుంది. కాపడం వల్ల శాశ్వతంగా పోయిందేమీ లేదని చెప్పి నా ప్రాణం కుదుటపరిచాడు. తర్వాత నవ్వుతూ అన్నాడు: "స్కానింగులు లేని రోజుల్లో ఈ జబ్బు పట్టడానికి మనిషిని వేణ్ణీళ్ల తొట్టిలో కూర్చోబెట్టేవారండి. నీరసపడితే జబ్బున్నట్టు. మీరు చేసిన పరీక్ష అదే. ఫలితం మాత్రం తిరగేసి చదివారు."

అటునుంచి అటే వన్‌టౌన్ వెళ్లాను. రెండు గదుల ఇల్లు. అతను గచ్చు మీద తడి తువ్వాలు కప్పుకుని పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. నేను కింద కూర్చుని, నీ జబ్బు నిజం, నేను రాసింది తప్పు, హార్బర్లో నిన్ను దొంగచాటుగా చూసి రాశానని చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే తేలికపడదామనే వెళ్లాను.

"ఆ దినం మిమ్మల్ని సూసినాను సారూ," అన్నాడు. "వలల ఎనకాల ఉన్నారు. మా సారు నన్ను సూడ్డానికి ఇంత దూరం వచ్చినారనేసి సంతోసమైపోనాది. మీరు సేయించిన కసరత్తు ఒంటికి పట్టిందని మీకు సూపించాలనే ఆ గంప ఎత్తినాను. మామూలుగా దాన్ని మా ఇద్దరం పట్టుకుంతాం. తరవాత రెండు దినాలు మంచం దిగనేదు."

ఆ గదిలో నేను పడ్డ సిగ్గు తర్వాత ఎప్పుడూ పడలేదు. పెన్ను జారవిడిస్తే వంగి తీసిచ్చినవాళ్లంతా వరసగా కళ్ల ముందు నిలబడ్డారు. వాళ్లలో ఎందరు నొప్పి ఓర్చుకుని మర్యాద చేశారో నాకు తెలియదు. ఇక తెలిసే వీలూ లేదు.

బోర్డుకి ఇంకా నెలన్నర ఉంది. అతని వైద్యం మొదటినుంచి మొదలుపెట్టాను. ఎర్రదీపం మీద గుడ్డ కప్పాను. షెడ్డు రేకులు వేడెక్కకముందే, పొద్దున్న ఆరున్నరకే రమ్మన్నాను. మూడు నిమిషాలు నడక, అయిదు నిమిషాలు కుర్చీ. అలసట వచ్చాక కాదు, రాకముందే ఆగాలి. "ఇంకో పది" అలవాటైన నోటికి "చాలు" అనడం ఎంత కష్టమో అనుభవిస్తే కాని తెలియదు. అతనికీ కష్టంగానే ఉండేది. నేను చాలంటే తన మీద ఆశ వదులుకున్నాననుకుని మొహం చిన్నబుచ్చుకునేవాడు. పాదం నేలకు తగిలి పడిపోకుండా ముందువైపు పైకి పట్టి ఉంచే బెల్టు ఒకటి చేయించాం. నిలబడి చేసే పనులు కూర్చుని చేయడం, ఒంట్లో ఉన్న శక్తిని పొద్దున్నే ఖర్చుపెట్టేయకుండా రోజంతా సర్దుకోవడం నేర్పాను. నేర్పానంటున్నాను కానీ, సగం పుస్తకంలో చూసి, సగం అతన్నడిగి నేర్చుకున్నాను.

చల్లదనం సంగతి అతని భార్య చూసుకుంది. వన్‌టౌన్‌లో ఒక సాయిబుగారి టైలరు దుకాణం ఉంది. ఆయన దగ్గర దళసరి గుడ్డతో చేతుల్లేని కోటు కుట్టించింది. లోపలివైపు ఎనిమిది జేబులు, ఒక్కో జేబులో ఐసు ప్యాకెట్టు. ఆ కోటు వేసుకుంటే ఎండలో కూడా గంటసేపు తేడా లేకుండా తిరిగేవాడు. చేపలకే అన్న ఐసు ఇదేనా బావూ అని ఆమె నన్ను ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు.

కొత్త రిపోర్టు రాసి పర్సనల్ ఆఫీసరు దగ్గరికి తీసుకెళ్లాను, పాతది తీసేయమన్నాను. ఫైల్లోకెక్కిన కాగితం దిగదన్నాడాయన. కావాలంటే కొత్తది కిందన పెడతానని, అందాకా చదివితే బోర్డువాళ్ల ఓపికని అన్నాడు.

మే నెల వచ్చింది. బోర్డు అంటే ముగ్గురు: చైర్మన్‌గా జనరల్ మేనేజరు, మా మెడికల్ ఆఫీసరు, పర్సనల్ ఆఫీసరు. సమావేశం జనరల్ మేనేజరుగారి గదిలో. రిపోర్టు రాసినవాణ్ణని నన్నూ పిలిచారు. బయట నిప్పులు చెరుగుతోంది, లోపల రెండు ఏసీలు. ఆ చలికి మెడికల్ ఆఫీసరు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు తట్టింది నాకు. ఈ గదిలో మావాడు పెళ్లికొడుకులా నడుస్తాడు.

నడిచాడు కూడా. ఆ గోడ నుంచి ఈ గోడకి, ఈ గోడ నుంచి ఆ గోడకి. చైర్మన్ సంతోషించి, నాకంటే బాగా నడుస్తున్నాడే అన్నాడు. పర్సనల్ ఆఫీసరు నా పాత రిపోర్టు తీసి పైకి చదివాడు. హార్బరు, ఐసు గంప, నలభై నిమిషాలు, చివర నాకు మోజైన ఆ వాక్యం. ఎంత చక్కటి ఇంగ్లీషో! నరాల డాక్టరు ఉత్తరం మీద చైర్మన్ చూపు నిలవలేదు. దొరల దేశాల జబ్బు మన క్రేనువాడికెందుకొస్తుందని అడిగాడు. మెడికల్ ఆఫీసరు ఎవరినీ నొప్పించకుండా నవ్వాడు.

నేను లేచాను. "ఆ రిపోర్టు తప్పండి. రాసింది నేనే. ఒక్క అరగంట ఏసీలు ఆపించండి, మీకే కనిపిస్తుంది," అన్నాను.

ఉద్యోగానికి రాజీనామా చేయమన్నట్టు చూశాడు చైర్మన్. అయినా ఎందుకో సరేనన్నాడు. ఏసీలు ఆగాయి. నేను క్రేను ఆపరేటరు దగ్గరికెళ్లి, నడుస్తూ ఉండాలి, పడిపోవచ్చు, ఇష్టమేనా అని మెల్లగా అడిగాను.

"పడకపోతేనో సారూ?" అన్నాడు.

అది నేనూ ఆలోచించలేదు. తన రోగి పడిపోవాలని దేవుణ్ణి మొక్కుకున్న ఫిజియోథెరపిస్టుని లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. పది నిమిషాలకి ఆఫీసర్లు టైలు వదులు చేసుకున్నారు. పదిహేను నిమిషాలకి అతని ఎడం పాదం తివాచీ మీద రాసుకోవడం మొదలైంది. ఇరవై దాటాక గోడ ఎక్కడుందో చేత్తో తడిమాడు. ఆ తర్వాత కూలిపోయాడు. నేను పక్కనే ఉండి కూడా పూర్తిగా ఆపలేకపోయాను. మోచెయ్యి బల్లకి కొట్టుకుని రక్తం వచ్చింది.

గుమ్మం బయట అతని భార్య ఐసు కోటు పట్టుకుని నిలబడి ఉంది. ఎవరూ పిలవలేదు, ఆమె ఎవరినీ అడగలేదు. లోపలికొచ్చి కోటు తొడిగి, తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి అతను తనంతట తను లేచి, తిన్నగా కాకపోయినా కుర్చీ దాకా నడిచి కూర్చున్నాడు. చైర్మన్ చెమట తుడుచుకుని, ఏసీ వేయమన్నాడు.

అతనికి కంప్యూటర్ గదిలో తూకాల వివరాలు ఎక్కించే పని ఇచ్చారు. ఆఫీసర్ల గదులు కాక కంపెనీలో ఏసీ ఉన్న గది అదొక్కటే, అది కూడా మనుషుల కోసం కాదు, మిషన్ల కోసం. నా గురించి ఆర్డర్లో మంచి మాట రాశారు. ఫిజియోథెరపిస్టు సొంతంగా రూపొందించిన వేడి పరీక్ష వల్ల జబ్బు నిర్ధారణ అయిందట. కాబట్టి ఏటా మే నెలలో అదే పరీక్ష జరిపి, రిపోర్టు పంపితేనే ఆ పని కొనసాగుతుందట.

ఆర్డరు చదివి వినిపించాక అతని భార్య ఒక్కటే అడిగింది. "ఏటేటా ఇలాగ పడాలా బావూ?"

అక్కర్లేదన్నాను.

ఆ తర్వాత ప్రతి మే నెలలోనూ రిపోర్టు వెళ్లింది. నలభై నిమిషాలు కాపడం పెట్టితిని, ఇన్ని నిమిషాలకు ఎడమ కాలు ఈడ్చెను, ఇన్ని నిమిషాలకు చూపు మసకబారెను, పడిపోయెను. అంతా చేయి తిరిగిన ఇంగ్లీషులో, నిమిషాలతో సహా రాసేవాణ్ణి. అది రాస్తున్నంతసేపూ అతను ఎదురుగా ఫ్యాను కింద కోటు వేసుకుని కూర్చుని సోడా తాగుతుండేవాడు. రాసింది నేను చదివి వినిపించేవాణ్ణి. బాగుందనేవాడు. ఒక ఏడు మరీ తొందరగా పడేశారు సారూ, ఇంకో పది నిమిషాలు నడిపించండని సరదా పడ్డాడు. నడిపించాను. పైనుంచి ఎవరూ ఏమీ అడగలేదు. తప్పు రాసినవాణ్ణి మెచ్చుకున్న కంపెనీ, అబద్ధం రాసినవాణ్ణి ఎందుకడుగుతుంది?

రెండువేల సంవత్సరం దాటాక కంపెనీ మూతబడుతుందని పుకార్లు మొదలయ్యాయి. ఆ మే నెలలో కూడా అలాగే రాసి చదివాను. అతను సోడా పూర్తిచేసి, సీసా కిందపెట్టాడు.

"సారూ, ఈ ఏడు కుడికాలు కూడా రాయండి," అన్నాడు. "అది మాత్రం నిజమే."

కలం తీసుకుని రాశాను.